కట్టుకునే అక్షరాలు

జపాన్‌లోని షికోకు దీవిలో ఏ ఊరి దారి పట్టినా తెల్లటి పైబట్ట వేసుకుని, చేతికర్రతో నడిచే యాత్రికులు ఎదురవుతారు. సుమారు 1,200 కిలోమీటర్ల మేర 88 ఆలయాలు చుట్టే ఈ యాత్రకు మూలపురుషుడు కూకాయ్ అనే బౌద్ధ గురువు. ఆయన్ని స్మరించే మంత్రం ప్రతి వీపు మీదా నిలువుగా రాసి ఉంటుంది.

కూకాయ్ 804లో చైనా వెళ్లాడు. చాంగాన్‌లో ప్రజ్ఞుడనే భారతీయ భిక్షువు దగ్గర సంస్కృతం నేర్చుకుని, 806లో సిద్ధం లిపితో తిరిగొచ్చాడు. మన తెలుగు లిపిలాగే అదీ బ్రాహ్మీ సంతానమే. మన దేశంలో ఎప్పుడో వాడుక తప్పిన ఆ అక్షరాలు ఇక్కడి గుళ్లలో, సమాధుల దగ్గర, యాత్రికుల బట్టల మీద బతికే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

యాత్రికుల బట్టల తెలుపు చావు తెలుపు. రోగులూ, దిక్కులేనివాళ్లూ నడిచిన దారి ఇది; ఎందరో మధ్యలోనే రాలిపోయేవారు. ఎక్కడ పడిపోతే అక్కడే పాతిపెట్టి, చేతికర్రను గుర్తుగా నాటేవారు. శవానికి వేరే బట్ట వెతకనక్కర్లేదు, ఒంటి మీదే ఉంది.

ఇంట్లో పోయినవాళ్లకు తొడిగే బట్ట పేరు క్యోకతాబిరా. దాని మీద సూత్రభాగాలో, బుద్ధనామమో, సిద్ధం బీజాక్షరాలో ఉంటాయి. పూర్వం ఇంటి ఆడవాళ్లు నలుగురూ చేరి, దారానికి ముడి వేయకుండా కుట్టేవారు. బతికున్నవాళ్లు ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకుంటే, పోయినవాళ్లకు కుడి అంచు పైకి వస్తుంది. మెడలో సంచీ వేసి, వైతరణి లాంటి సాన్జు నది దాటడానికి ఆరు నాణేలు పెడతారు. ఇప్పుడవి కాగితం మీద అచ్చువేసిన బొమ్మలే, దహనం కదా.

మనవాళ్లు రామకోటి రాసి గుడికి సమర్పించినట్టే, ఒకప్పుడు షికోకు యాత్రికులు సూత్రం చేత్తో రాసి ఆలయానికిచ్చి, రుజువుగా ముద్ర పొందేవారు. కొందరు ఇప్పటికీ ఒక తెల్లబట్టను వేసుకోకుండా మోసుకెళ్లి, గుడిగుడికీ దాని మీద ఎర్రముద్ర వేయిస్తారు. అది వాళ్ల ఆఖరి ప్రయాణానికి. ఇత్సుకుషిమా మందిరంలో 1164 నాటి సూత్రగ్రంథాలు బంగారు, వెండి అలంకారాలతో భద్రంగా ఉన్నాయి. వాటి అందం కాదనను. కానీ మనిషితోపాటు కాలిపోవడానికే సిద్ధం చేసుకున్న ఈ బట్ట మీదే నాకు గౌరవమెక్కువ.

జపానంతా ఇదే ఆచారమనుకోకండి. పెద్ద బౌద్ధ శాఖల్లో ఒకటైన జోదో షిన్‌షూ క్యోకతాబిరాను వాడదు. ప్రాణం పోయిన క్షణమే అమితాభ బుద్ధుడి లోకంలో పుడతారని వాళ్ల నమ్మకం. నడవాల్సిన దారే లేనప్పుడు ప్రయాణపు బట్టతో పనేముంది?