దక్షిణ కెరొలైనా రాష్ట్రమును సుంకముల వివాదమును (1828–1833)

సమాఖ్య రాజ్యములందు విదేశ వాణిజ్యము సాధారణముగ కేంద్రమునకు చెందిన అధికారము. పొలములును, కర్మాగారములును, రేవులును మాత్రము ఏదో యొక రాష్ట్రము నెల్లలలోనే యుండును. సుంకమును రాజధానిలో నిర్ణయించినను, దాని ఫలము ననుభవించువారు ఒక ప్రాంతపు కర్షకులును వర్తకులును. కావున జాతీయ వాణిజ్య విధానముపై రాష్ట్ర ప్రభుత్వము ఎంతవరకు, ఏ మార్గమున ప్రభావము చూపగలదను ప్రశ్న ఇట్టి రాజ్యములందు తరచుగ తలయెత్తుచుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న అంతర్యుద్ధ భయమును గల్గించునంత తీవ్రమైనది దక్షిణ కెరొలైనా యుదంతమున. అందు ఆ రాష్ట్రము సాధించిన దేమి, సాధింపలేని దేమి, రాష్ట్రము పేర మాటలాడిన వారెవరు అను మూడంశములను మేమిట పరిశీలింతుము.

అమెరికా రాజ్యాంగము విదేశ వాణిజ్యమును క్రమబద్ధము చేయు నధికారమును కాంగ్రెసున కొసగినది. తనిఖీ వ్యయమునకు వలసినంత తప్ప, కాంగ్రెసు సమ్మతి లేనిదే రాష్ట్రములు ఎగుమతి దిగుమతులపై సుంకము విధింపరాదని నిషేధించినది. అయినను రాష్ట్రములకు ఒక ద్వారము తెరచియే యుంచినది. 1913 నాటి సవరణము వరకు సెనేటు సభ్యులను రాష్ట్ర శాసనసభలే యెన్నుకొనుచుండెను. సుంకముల బిల్లుపై వోటు చేయు సెనేటరు తన పదవికై రాష్ట్ర శాసనసభపై ఆధారపడినవాడు. ఈ సంగతిని మరచినచో తరువాతి చరిత్ర బోధపడదు.

బ్రిటిషు సరుకుల పోటీ నుండి స్వదేశ పరిశ్రమలను కాపాడుటకై 1816లో సుంకములు విధింపబడినవి. దక్షిణ కెరొలైనాకు చెందిన జాన్ కాల్హూన్ ఆనాడు వానిని సమర్థించెను. 1819 ఆర్థిక సంక్షోభముతో ప్రత్తి ధర పడిపోయెను. 1824లోను, 1828లోను సుంకములు మరల పెరిగెను. ప్రత్తిని, బియ్యమును విదేశములకమ్మి, తనకు వలసిన తయారు సరుకులను బయటనుండి కొనుక్కొను రాష్ట్రమునకు ఇది రెండు విధముల నష్టమని అచటి నాయకులు వాదించిరి. కొనవలసిన సరుకు ప్రియమగును. తన సరుకు నమ్ముకొనలేని బ్రిటను ప్రత్తి కొనుటను తగ్గించును. 1828 చట్టమునకు ప్రత్యర్థులు జుగుప్సాకరమైన సుంకముల చట్టమని పేరు పెట్టిరి.

అప్పటికి కాల్హూన్ దేశమునకు ఉపాధ్యక్షుడు. ఆ సంవత్సరాంతమున తన పేరు వెల్లడింపక శాసనసభ కొరకు ఒక వివరణ పత్రము రచించెను. ఆదాయమునకై యొసగిన సుంకాధికారమును పరిశ్రమల రక్షణకు వాడుట రాజ్యాంగ విరుద్ధమనియు, సంయుక్త రాజ్యము రాష్ట్రముల ఒడంబడిక గనుక అట్టి శాసనమును రాష్ట్రము తన యెల్లలలో చెల్లదని ప్రకటింపవచ్చుననియు దాని సారము. దీనికే నిరాకరణ సిద్ధాంతమని పేరు. శాసనసభ ఆ పత్రమును ముద్రింపించెనే గాని సిద్ధాంతమును వెంటనే అమలు చేయలేదు. నిరసనమును మాత్రము సెనేటునకు పంపి, సుంకములు తగ్గునని నాలుగేండ్లు వేచియుండెను.

1832 జూలై చట్టము సుంకములను కొంత తగ్గించినను రక్షణ సూత్రమును విడువలేదు. 1832 నవంబరు 24న, కొలంబియా నగరమున సమావేశమైన రాష్ట్ర మహాసభ 1828, 1832 చట్టములు రెండును 1833 ఫిబ్రవరి 1 నుండి తమ రాష్ట్రమున చెల్లవని శాసించినది. కేంద్రము బలప్రయోగము చేసినచో విడిపోవుదుమని హెచ్చరించినది. డిసెంబరు 10న అధ్యక్షుడు జాక్సన్ ఆ శాసనము రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించెను. శాసనసభ కాల్హూన్‌ను సెనేటున కెన్నుకొనగా ఆతడు ఉపాధ్యక్ష పదవిని వదలుకొనెను. దక్షిణ రాష్ట్రములలో ఒక్కటియు నిరాకరణమున తోడు రాలేదు. వర్జీనియా మధ్యవర్తిని మాత్రము పంపెను.

తుదకు 1833 మార్చి 2న రెండు చట్టములు ఒకే దినమున వెలువడినవి. ఒకటి సుంకముల వసూలుకై సైన్యము నుపయోగించు నధికారమును అధ్యక్షున కొసగినది. రెండవది హెన్రీ క్లే కాల్హూన్‌తో సంప్రదించి రూపొందించినది. నూటికి 20 మించిన సుంకములను క్రమముగ తగ్గించి 1842 నాటికి 20కి దింపునట్టిది. మార్చి 15న మహాసభ తన శాసనమును ఉపసంహరించుకొనెను.

దీనినిబట్టి సిద్ధాంతముగ నిరాకరణము ఓడినదనియు, ఒత్తిడిగ కొంత నెగ్గినదనియు చెప్పవలెను. బెదరింపు లేనిదే రాజీకి ఇంత త్వర కలిగియుండదు. సెనేటను ద్వారము లేనిదే ఆ బెదరింపు చట్టరూపము దాల్చియుండదు. ఆ విజయమైనను స్థిరము కాలేదు. 1842లోనే కాంగ్రెసు సుంకములను మరల పెంచెను.

ఇక మూడవ అంశము. 1830 జనాభా లెక్కలలో ఆ రాష్ట్రమున 5,81,185 మంది యుండగా అందు 3,15,401 మంది బానిసలు. ప్రత్తిని పండించిన చేతులు వారివి. రాష్ట్రము పేర వెలువడిన నిరసనమున వారికి నోరు లేదు. 1822లో, చార్ల్‌స్టన్‌లో బానిసల తిరుగుబాటునకు కుట్ర జరిగినదని ఆందోళన చెలరేగగా, రేవునకు వచ్చిన నౌకలలోని స్వతంత్రులైన నల్లజాతి నావికులను నౌక తిరిగి పోవువరకు చెరలో నుంచవలెనని శాసనసభ చట్టము చేసెను. బ్రిటను ఆక్షేపించెను. 1823లో న్యాయమూర్తి విలియం జాన్సన్ అది రాజ్యాంగ విరుద్ధమని అభిప్రాయపడెను. అయినను రాష్ట్రము దానిని విడువలేదు. సుంకములపై నిరాకరణ శాసనము వెలువడక మునుపే విదేశ వాణిజ్య విషయమున ఆ రాష్ట్రము కేంద్రాధికారమును ధిక్కరించినది బానిసత్వ రక్షణకే గదా! సుంకము సందర్భమాత్రమే గాని మూలకారణము కాదని 1830 నాటి లేఖయందు కాల్హూన్ స్వయముగ వ్రాసెను. 1860 డిసెంబరులో సంయుక్త రాజ్యమునుండి విడిపోవుటకు కారణములను వివరించుచు ఆ రాష్ట్రము వెలువరించిన ప్రకటనలో సుంకముల ప్రసక్తియే లేదు. అందలి ప్రధాన విషయము బానిసత్వము. అట్లని సుంకముల బాధ కల్పితమని మా యభిప్రాయము కాదు. ఆ బాధ నిజమే. దానిని రాష్ట్ర హక్కుల వాదముగ మలచినవారు బానిసల యజమానులు.

మన రాజ్యాంగమున ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితా యందు 41వ అంశము విదేశ వాణిజ్యము, 83వ అంశము కస్టమ్సు సుంకములు. వ్యవసాయము రాష్ట్ర జాబితా యందలి 14వ అంశము. పంటల దిగుమతి సుంకములను గూర్చి రాష్ట్రములకును కేంద్రమునకును భేదాభిప్రాయము కలుగుటకు ఈ విభజనమే చోటిచ్చుచున్నది. మన రాష్ట్రముల శాసనసభా తీర్మానములను పరిశోధించువారు ఆ తీర్మానము ఏ మార్గమున ఢిల్లీని చేరినది, విధానమున ఏ మార్పు తెచ్చినది అని అడుగుటతో తృప్తిపడరాదు. ఆ తీర్మానము వెనుక కౌలుదారు గొంతు, కూలి గొంతు ఉన్నవా లేవా యని కూడ విచారింపవలెనని మా మనవి.