పాఠశాల క్రీడల నిర్వహణ, అర్హత నియమాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి

పాఠశాల క్రీడల అర్హత నియమాలు అంటే ఒక విద్యార్థి ఏ వయో విభాగంలో, ఏ బడి తరఫున, ఏ ప్రాంతపు జట్టులో ఆడవచ్చునో నిర్ణయించే కట్టుబాట్లు. వీటిని జాతీయ స్థాయిలో భారత పాఠశాల క్రీడల సమాఖ్య రూపొందించగా, రాష్ట్రాల్లో విద్యాశాఖ అమలు చేస్తుంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అన్న ఆంగ్ల నామాన్ని కుదించి ఈ సంస్థను, దాని పోటీలను వాడుకలో ఎస్‌జీఎఫ్ అంటారు. వరంగల్ జిల్లా విభజనతో 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఈ నియమాల నడకను పరిశీలిస్తే, విద్యార్థి అర్హత అతని వయసు మీద ఎంత ఆధారపడిందో రెవెన్యూ పటం మీద, బడి రిజిస్టరు మీద కూడా అంతే ఆధారపడిందని తెలుస్తుంది.

పూర్వరంగం

క్రీడల్లో అర్హత నియమాలు మొదట్లో వయసును బట్టి కాక సామాజిక హోదాను బట్టి పుట్టాయి. ఇంగ్లండ్‌లోని హెన్లీ పడవ పందేల నిర్వాహకులు 1879లో రాసిన నిర్వచనం ప్రకారం చేతివృత్తులవారు, కూలిపని చేసేవారు ఔత్సాహిక క్రీడాకారులుగా చెల్లరు. ఒకప్పుడు తాపీపని చేసిన అమెరికన్ రోయింగ్ వీరుడు జాన్ కెల్లీకి 1920లో హెన్లీ ప్రవేశం నిరాకరించగా, అదే ఏడాది అతడు ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. 1937లో గాని ఆ నిబంధన తొలగలేదు. తరువాతి కాలంలో హోదా స్థానాన్ని వయసు ఆక్రమించింది: ప్రపంచ రోయింగ్ సంస్థ నియమం ప్రకారం 18 ఏళ్లు నిండే సంవత్సరం డిసెంబరు 31 వరకు క్రీడాకారుడు జూనియరే. భారత పాఠశాల క్రీడలూ డిసెంబరు 31నే కొలమానంగా పెట్టుకున్నాయి. ఆ తేదీ నాటికి 14, 17, 19 ఏళ్లు నిండనివారే వరుసగా అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో ఆడాలి.

రోయింగ్ పోటీకి తిన్నగా 2,000 మీటర్లు సాగే నిలకడైన నీరు, ఖరీదైన పడవలు కావాలి గనుక తెలంగాణలో ఆ క్రీడ హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌ను ఆశ్రయించుకునే పెరిగింది. కాకతీయుల చెరువులకు పేరుపడ్డ ఓరుగల్లు (వరంగల్) ప్రాంతంలో, గోదావరి ఒడ్డున ఉన్న కాళేశ్వరం, మహదేవపూర్ వైపు కూడా బడిపిల్లల ఆటలు నేల మీదివే: కబడ్డీ, ఖో-ఖో, వాలీబాల్, పరుగు పందేలు. నీళ్లున్నంత మాత్రాన పడవ పందెం పుట్టదు.

వ్యవస్థ ఏర్పడిన తీరు

మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన కోస్తా జిల్లాల్లో పాఠశాల పోటీలు బ్రిటిష్ కాలపు విద్యాశాఖాధికారి గ్రిగ్ పేరిట సాగి, ఆ పేరు స్వాతంత్ర్యం తరువాత కూడా చాలాకాలం నిలిచింది. హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న వరంగల్ ప్రాంతానికి ఆ వారసత్వం లేదు. పాఠశాల క్రీడల సమాఖ్య 1954లో ఏర్పడింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించడంతో తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల విద్యార్థులు జాతీయ పోటీల్లో ఒకే రాష్ట్ర జట్టుగా నిలిచారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక ఆ జట్టు రెండైంది.

పోటీల మెట్లు మాత్రం ఎప్పుడూ పాలనా విభాగాలనే అనుసరించాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాక బడి ఆటలకు మండల పోటీ తొలి మెట్టు అయింది. దాని మీద జిల్లా, ఆపైన రాష్ట్రం, చివరకు జాతీయ పోటీలు. బడిలో ప్రధానోపాధ్యాయుడు, వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ లేక పీడీ), మండలంలో విద్యాధికారి, జిల్లాలో జిల్లా విద్యాధికారి ఈ పోటీలకు బాధ్యులు కాగా, రోజువారీ పనంతా ఎస్‌జీఎఫ్ కార్యదర్శిగా నియమితుడైన వ్యాయామ ఉపాధ్యాయుడి మీద పడుతుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులు ఎక్కువగా ఉండే అండర్-19 విభాగానికి జూనియర్ కళాశాలల ఫిజికల్ డైరెక్టర్ల నుంచి వేరే కార్యదర్శి ఉంటాడు.

రాజ్యాంగపరంగా చూస్తే క్రీడలు రాష్ట్ర జాబితాలోని 33వ అంశం. విద్య 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారింది. బడి ఆట ఈ రెండింటి సరిహద్దులో ఉంది. అందువల్ల ఒకే జిల్లాలో విద్యాశాఖ నడిపే ఎస్‌జీఎఫ్ పోటీలు, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ కింద జిల్లా యువజన, క్రీడల అధికారి చూసే కార్యక్రమాలు, కబడ్డీ, అథ్లెటిక్స్ వంటి సంఘాలు సొంతంగా జరిపే సబ్ జూనియర్, జూనియర్ పోటీలు మూడు దారుల్లో సాగుతాయి. మూడింటి వయోపరిమితులూ ఒక్కటి కావు. కబడ్డీలో వయసుతో పాటు బరువు పరిమితి కూడా ఉంది గనుక, సంఘం పోటీలో చెల్లిన ఆటగాడు బడి పోటీలో తూకం దగ్గరే ఆగిపోవచ్చు. 2018లో ఢిల్లీలో అండర్-17 విభాగంతో మొదలైన ఖేలో ఇండియా పాఠశాల క్రీడలు మరుసటి ఏడాదికే యువజన క్రీడలుగా పేరు మార్చుకుని అండర్-21ను కూడా కలుపుకోవడంతో నాలుగో దారి ఏర్పడింది.

జిల్లాల విభజన, ప్రాంత అర్హత

2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటిగా మారినప్పుడు, 51 మండలాల వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అనే అయిదు జిల్లాలుగా చీలింది. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది; అదే రోజు మరో కొత్త జిల్లా కూడా ఏర్పడటంతో రాష్ట్రంలో జిల్లాలు ముప్పై మూడయ్యాయి. అంతకుముందు వరంగల్ జిల్లా జట్టులో చోటు కోసం అన్ని మండలాల పిల్లలూ పోటీ పడవలసి వచ్చేది. విభజనతో ప్రతి కొత్త జిల్లాకూ తన సొంత జిల్లా పోటీ ఏర్పడి, మండలం నుంచి పైమెట్టుకు చేరే పిల్లల సంఖ్య పెరిగింది. అయితే రాష్ట్ర పోటీకి ముప్పై మూడు జట్లను పిలవడం భారం కనుక, ఉమ్మడి వరంగల్ అనే పాత జిల్లా ఎంపికల కోసం బతికే ఉంది. కొత్త జిల్లాల్లో గెలిచినవారు తరచూ హనుమకొండలో జరిగే ఉమ్మడి జిల్లా ఎంపికలకు హాజరై, ఒకే జట్టుగా రాష్ట్ర పోటీకి వెళతారు. పాలనలో రద్దయిన జిల్లా ఆటల్లో కొనసాగడం ఈ వ్యవస్థలోని విశేషం. కాళేశ్వరం పిల్లలకు ఆ ఎంపిక వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం.

సరిహద్దు మండలాల సంగతి మరీ చిక్కు. మహబూబాబాద్ జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలు పూర్వం ఖమ్మం జిల్లావి. భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్, కాటారం పూర్వం కరీంనగర్ జిల్లావి. నల్గొండ నుంచి జనగామలో చేర్చిన గుండాల తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాకు మారింది. ఇలాంటి మండలాల్లోని బడికి ప్రస్తుత జిల్లా ఒకటి, ఉమ్మడి జిల్లా వేరొకటి కావడంతో, ఏ ఎంపికకు పంపాలన్నది జట్టు కట్టడానికి ముందే తేల్చవలసిన ప్రశ్న అయింది. ఉద్యోగ నియామకాల కోసం 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు ఏర్పరచిన జోన్లలో భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లో, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లో, జనగామ యాదాద్రి జోన్‌లో ఉన్నాయి. అంటే ఉద్యోగాల పటంలో మూడు వేర్వేరు జోన్లలో ఉన్న జిల్లాలు ఆటల పటంలో ఒకే జట్టు.

ప్రాంత అర్హతకు మూలం విద్యార్థి స్వగ్రామం కాదు, చదివే బడి. గురుకులాలు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, ఆదర్శ పాఠశాలలు విస్తరించిన ఈ జిల్లాల్లో ఈ నియమానికి ప్రాముఖ్యం ఎక్కువ. మహబూబాబాద్ తండాలో పుట్టి మరో జిల్లా గురుకులంలో చదివే బాలిక ఆ గురుకులం ఉన్న జిల్లాకే ఆడుతుంది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాలు జాతీయ పోటీల్లో రాష్ట్రాలతో సమానంగా ప్రత్యేక విభాగాలు గనుక అక్కడి పిల్లలు జిల్లా జట్టులో కాక తమ సంస్థ జట్టులో పైకి వెళతారు. హాస్టల్, మైదానం, పీఈటీ ఒకేచోట ఉండే గురుకులం ముందు ఊరి ఉన్నత పాఠశాల నిలవడం కష్టమే అయినా, రెండింటినీ వేరు చేసే విభాగం మండల పోటీలో లేదు.

వయసు నిర్ధారణ

అర్హత వివాదాల్లో అధిక భాగం వయసువి. ఎంట్రీ ఫారం మీద విద్యార్థి ఫొటో అంటించి, సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా ప్రధానోపాధ్యాయుడి ముద్ర వేస్తారు. దానికి బోనఫైడ్, జనన ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు జతచేస్తారు. ఇవన్నీ చాలావరకు అడ్మిషన్ రిజిస్టరులోని ఒక్క పుట్టిన తేదీకే సాక్ష్యాలు. ఇళ్లలో కాన్పులు జరిగిన కాలంలో, తల్లిదండ్రులకు తేదీ గుర్తులేని పిల్లలకు ఒకటో తరగతిలో చేర్చుకున్న ఉపాధ్యాయుడే అయిదేళ్లు లెక్కగట్టి జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసేవాడు. పల్లె రిజిస్టర్లలో జూన్ పుట్టినరోజులు గుంపుగా కనిపించడానికి ఇదే కారణం. అందులో మోసం లేదు, కానీ మోసానికి చోటుంది. జనన నమోదు చట్టం 1969లోనే వచ్చినా, బడిలో చేరడానికి జనన ధ్రువపత్రాన్నే ఆధారంగా చేసిన సవరణ 2023 అక్టోబరు 1 నుంచి, ఆ తేదీ తరువాత పుట్టినవారికి మాత్రమే వర్తిస్తుంది. వారు అండర్-14 మైదానానికి రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది.

కాగితం మీద అనుమానం వస్తే వైద్య పరీక్ష. కేంద్ర క్రీడల శాఖ 2010లో తెచ్చిన వయో మోస నిరోధక నియమావళి తొలి తప్పుకు రెండేళ్లు, మళ్లీ చేస్తే జీవితకాలం నిషేధం నిర్దేశించింది. ఎక్కువగా వాడే టానర్-వైట్‌హౌస్ పద్ధతిలో ఎడమ చేతికి, మణికట్టుకు ఎక్స్-రే తీసి, పదమూడు ఎముకల్లో ఒక్కొక్కటి ఎంతవరకు ఎదిగిందో గుర్తించి, ఆ మార్కులను కూడి ఎముక వయసును నిర్ణయిస్తారు. ఈ పద్ధతికి ఒక హద్దుంది: మూడో కూర్పు ప్రకారం ఎదుగుదల అబ్బాయిల్లో 16.5 ఏళ్లకు, అమ్మాయిల్లో 15 ఏళ్లకు పూర్తవుతుంది గనుక, ఆపైన ఎక్స్-రే చెప్పగలిగేది ఏమీ ఉండదు. పోషణ, వంశలక్షణాలు కూడా ఎముక ఎదుగుదలను ముందుకో వెనక్కో జరుపుతాయి. అండర్-14లో పనికొచ్చే ఈ పరీక్ష అండర్-19లో దాదాపు నిష్ప్రయోజనం కావడంతో, పై విభాగంలో మళ్లీ పదో తరగతి మెమోనే అంతిమ ప్రమాణం. పైగా మైదానం దగ్గర ఎక్స్-రే కుదరదు. మండల పోటీలో అభ్యంతరం వస్తే పోటీని నడిపే కన్వీనర్ రిజిస్టరు చూసి అక్కడికక్కడే తేల్చవలసిందే.

దివ్యాంగ క్రీడల్లో అర్హత వయసుతో పాటు వర్గీకరణ మీద నడుస్తుంది. పొరుగున ఇప్పటి వరంగల్ జిల్లా (2016 నాటి వరంగల్ రూరల్) పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి మేధోపరమైన వైకల్యానికి కేటాయించిన టీ-20 విభాగంలో 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది.

ధ్రువపత్రాల విలువ

అర్హత నియమాలు ఇంత పట్టింపుగా మారడానికి కారణం పతకం కాదు, దాని వెంట వచ్చే ధ్రువపత్రం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకానికి 1980లో నిర్ణయించిన ధ్రువపత్ర నమూనాల్లో ఫారం-4 పాఠశాల క్రీడలది. జాతీయ పాఠశాల పోటీల్లో రాష్ట్ర జట్టుకు ఆడినవారికి విద్యాశాఖలో క్రీడలు చూసే సంచాలక స్థాయి అధికారి సంతకంతో దాన్ని ఇస్తారు. మండల, జిల్లా, ఉమ్మడి జిల్లా పోటీల ధ్రువపత్రాలకు ఆ నియామకాల్లో లెక్క లేదు. కాబట్టి జనగామలోనో గార్లలోనో ఆడే విద్యార్థికి ఉమ్మడి జిల్లా ఎంపికల తరువాత రాష్ట్ర జట్టులో దక్కే చోటే నిర్ణాయకం. ఒక స్థానానికి ఇద్దరు సమానంగా నిలిచినప్పుడు అభ్యంతర పత్రాలు వచ్చేది కూడా ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే.