బొమ్మల్లో శ్రామికుడు: ఆళ్లగడ్డ రాయి, కొండపల్లి కర్ర

దాన శాసనాల్లో రాజు పేరు, దాత పేరు, భూమి హద్దులు ఉంటాయి. ఆ భూమి దున్నినవాడి పేరు సాధారణంగా ఉండదు. అతని కోసం చరిత్ర విద్యార్థి బొమ్మలను కూడా ఆధారాలుగా చూడాలి.

నంద్యాల జిల్లాలో బొమ్మ చెక్కడమంటే గుర్తొచ్చేది ఆళ్లగడ్డ. ఇక్కడి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే ఇక్కడ తయారయ్యేవి ఎక్కువగా దేవతామూర్తులు, ఆ తర్వాత నాయకుల విగ్రహాలు. నాగలి పట్టిన మనిషి అరుదు. రాతిపని ఖర్చుతో కూడింది. డబ్బిచ్చేవారు కోరిందే శిల్పి చెక్కుతాడు. ఇదే జిల్లాలోని శ్రీశైలం ప్రాకారం మీద వేట దృశ్యాలు, ఏనుగులు, గుర్రాలు, యోధులు బారులు తీరి కనిపిస్తారు. రాజులు మెచ్చే లోకమది.

కర్రకు ఆ బరువు లేదు. కొండపల్లిలో తేలికైన తెల్లపొణికి కర్రను వేడిచేసి తేమ పోగొడతారు. కాళ్లు, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. సున్నం పూసి రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగుతో పాటు తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, వడ్లు దంచే స్త్రీ కూడా ఇలాగే పుట్టారు. ఇంట్లో పెట్టుకునే బొమ్మ కాబట్టి పల్లె మనిషికి అందులో చోటు దొరికింది. కొలువులో మాత్రం దేవుళ్లు పై మెట్ల మీద, పల్లె జనం కింది మెట్ల మీద! కొరియాలోనూ చెట్టు బెరడుతో చేసిన కాగితాన్ని పొరలు పొరలుగా అంటించి పల్లె ముసలివాళ్లను, పిల్లలను బొమ్మలుగా చేస్తారు.

ఈ ఆధారానికి పరిమితి ఉంది. బొమ్మలోని కూలి మనిషి ఎప్పుడూ నవ్వుతూ, నిండుగా ఉంటాడు. 1876-78 కరవులో మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో కర్నూలు జిల్లా ఒకటి. నంద్యాల అప్పుడు అందులో భాగం. ఆనాటి డొక్కలెండిన మనిషి బొమ్మను ఎవరు కొంటారు? కాబట్టి బొమ్మ నుంచి పనిముట్టు, కట్టు, పనిచేసే భంగిమ తెలుసుకోవచ్చు. కూలి ఎంతో, ఆకలి ఎంతో తెలియదు. వాటికి కరవు నివేదికలు చదవాలి.

అభ్యాసం: మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉన్న పల్లె బొమ్మను ఒకదాన్ని ఎంచుకోండి. దాని చేతిలోని పనిముట్టు పేరు పెద్దలనడిగి రాయండి. గీత కార్మికుడైతే నడుముకు మోకు ఉందో లేదో గమనించండి.