గోదా నుండి గుడారానికి

మల్లవిద్య మనకు క్రొత్తది కాదు. భీమ జరాసంధుల పోరు వినని తెలుగువారు ఉండరు. అయితే ఈ విద్యకు టిక్కెట్టు పెట్టిన తరువాత దాని స్వరూపం ఎట్లు మారినదో తెలుసుకొనడానికి పురాణాల దాకా పోనక్కరలేదు. మన ఉత్తరాంధ్ర మల్లుడు కోడి రామమూర్తి నాయుడి చరిత్ర చాలును.

ఆయన 1882లో వీరఘట్టంలో జన్మించాడు. విజయనగరంలో పినతండ్రి వద్ద పెరిగి, తాలింఖానాలో సాము, కుస్తీ నేర్చాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరంలోనే వ్యాయామోపాధ్యాయుడైనాడు.

ఊరి గోదాలో వస్తాదు మాటే శాసనం. తొడగొట్టి దిగినవానికి జోడీ కుదిరితే పోటీ. వెన్ను మట్టికి తగిలితే ఓటమి. చుట్టూ నిలిచినవారిలో ఎందరో స్వయంగా ఆ పట్లు పట్టినవారే. కనుక అక్కడ మోసానికి చోటు తక్కువ. లోటు మరొకటి ఉన్నది. పాలూ నెయ్యీ లేక మల్లుడు నిలువడు. వాటికి ఏ జమీందారు దయో కావలెను.

ఆ కొరతను తీర్చినది సర్కస్. 1880లో విష్ణుపంత్ ఛత్రే మహారాష్ట్రలో ఆరంభించిన ఈ వ్యాపారం త్వరలోనే దేశమంతటా వ్యాపించినది. రామమూర్తి కూడ మిత్రుల సహాయంతో విజయనగరంలో సొంత కంపెనీ స్థాపించాడు. అయితే కుస్తీ ఒక నిమిషంలో ముగియవచ్చును, మూడు గంటలు సాగవచ్చును. వెల ఇచ్చి కూర్చున్నవారికి ఆ అనిశ్చితి పనికిరాదు. ప్రతి సాయంకాలం నిశ్చయమైన అద్భుతం కావలెను. అందుచేత ఆయన ఉక్కు గొలుసులు తెంచాడు, మోటారుకార్లను ఆపాడు, రొమ్ముపై ఏనుగును నిలిపాడు. ప్రత్యర్థి స్థానంలోకి ఏనుగు వచ్చినది! గోదాలోకి దిగగల కుర్రవాడు బల్లమీది ప్రేక్షకుడైనాడు.

లోకమంతటా ఇదే కథ. 1910 సెప్టెంబరులో లండనులో 250 పౌనుల పందెంపై గామా, జిబిస్కోల కుస్తీ దాదాపు మూడు గంటలు సాగి, తేలకుండా ముగిసినది. అదే జోడీ 1928లో పాటియాలాలో తలపడితే, నిమిషంలోనే గామా గెలిచాడు. నిజమైన పోటీ ప్రేక్షకుని గడియారాన్ని లెక్కచేయదు. అమెరికాలోని వృత్తికుస్తీ ఆ చిక్కును తప్పించుకొన్నది: 1920లనాటికి గెలుపోటములను ముందే నిర్ణయించి ప్రదర్శించసాగినది.

టిక్కెట్టును నిందించడం న్యాయం కాదు. అది లేనిదే విజయనగరం డ్రిల్లు మాస్టరు పేరు సముద్రాలు దాటెడిది కాదు. 1942లో ఒరిస్సాలోని బలంగీరులో ఆయన కన్నుమూశాడు. శ్రీకాకుళంలోని క్రీడాప్రాంగణం నేడు ఆయన పేరనే ఉన్నది. ఆ ప్రాంగణంలో అడుగుపెట్టే పిల్లలకు చెప్పవలసినది ఒక్కటే. టిక్కెట్టు సొమ్ము గోదాను పోషించవచ్చును. గోదాలో తీర్పు మాత్రం వస్తాదుదే కావలెను.