ఏటిరేవులు – జీపుబండ్లు



మన శ్రీకాకుళము, విజయనగరము సీమలలో పుట్టి పెరిగినవారిలో ఏటిని దాటనివాడు అరుదు. ఇచ్ఛాపురము నొద్ద బాహుద, బారువ నొద్ద సముద్రమున గలియు మహేంద్రతనయ, కళింగపట్టణము నొద్ద సాగరసంగమము నొందు వంశధార, శ్రీకాకుళము ప్రక్కగా పారు నాగావళి, కోనాడ యొద్ద కడలి గలియు చంపావతి, ఇవి పెద్దవి. పెద్దగెడ్డ, ఒట్టిగెడ్డ మొదలుగా పేరు గలవియు, పేరు లేనివియు నగు గెడ్డలకు లెక్క లేదు. ఇవి పడమటి కొండలనుండి తూర్పు సముద్రమునకు పరుగెత్తునవి. మన పెద్దబాటయో ఉత్తర దక్షిణములుగా పోవునది. కావున బాటకును ఏటికిని మన సీమలో ఏనాటినుండియో తగవు. ఆ తగవు చరిత్రలో ఒక భాగమును నేడు మీకు మనవి చేయదలచితిని.

మోటారులు లేని కాలమున ఈ తగవును తీర్చినవాడు బండివాడు. అతనికంటె ముందు అతని యెద్దు. రేవుకు వచ్చిన బండి వెంటనే నీట దిగెడిది కాదు. బండివాడు గాని, తోడి కుఱ్ఱవాడు గాని పంచె ఎగగట్టి, చేత గడకఱ్ఱ పట్టి ముందు నడచును. మోకాలి లోతా, తొడ లోతా, మొల లోతా యని చూచును. అడుగున గట్టి ఇసుకయా, ఊబియా యని త్రొక్కి చూచును. ఇరుసు మునుగునంత నీరున్నచో బండి దింపుట లేదు. ఆ మనిషి ఆవలి గట్టెక్కి కేక వేసిన పిమ్మటనే ఎద్దులను అదలించుట. ఒకవేళ బండివాడు తొందరపడినను ఎద్దులు తొందరపడవు. నీటి మోత హెచ్చినచో ముట్టె పైకెత్తి, బుసకొట్టి, నిలిచిపోవును, కొట్టినను కదలవు. నడిమి ప్రవాహములో చిక్కిన వేళ కాడిపలుపులు విప్పిన చాలును, ఎద్దు ఈదుకొని గట్టు చేరును. దాని తోక పట్టుకొని మనిషియు బయటపడుట కలదు. బండి కొయ్యది కనుక తేలును. సరకు మాత్రము పోవును.

నేను ఎద్దుబండిని పొగడవచ్చినవాడను గాను. ఆ ప్రయాణమున నడుము పడు పాట్లు నాకును తెలియును. కాని ఆ బండికి రెండు బుద్ధులుండెను: తోలువానిది యొకటి, ఎద్దులది యొకటి. తరువాత వచ్చిన బండికి ఒక్కటియే మిగిలినది.

వర్షకాలమున బండ్లు గట్టుననే ఆగిపోయెడివి. తాటిదోనెలు రెండు జతచేసి కట్టిన సంగడిపై మనుష్యులు దాటుదురు. రేవున దోనె నడుపువాడు "ఈ దినము కాదు" అనెనా, ఎంతటి మోతుబరియైనను వెనుకకు మఱలి, ఊరిలో ఎవరి అరుగుపైననో రెండు రాత్రులు గడపవలసినదే. ఆ మాటకు ఎదురు లేదు.

1766లో నైజాముతో చేసికొన్న సంధివలన ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చినవి. చికాకోలు సర్కారు వానిలో నొకటి. దొరలు మదరాసునుండి కలకత్తా పోవు బాటను బలపరచిరి. ఆ బాటపై శ్రీకాకుళము నొద్ద నాగావళికి కమానుల వంతెన ఏర్పడినది. 1876 నాటి వరద ఆ కమానులలో కొన్నిటిని ఊడ్చుకొనిపోయినది. 1890ల దశకమున రైలుబాట వచ్చి తన వంతెనలు తాను కట్టుకొన్నది. కాని ఇవి యన్నియు సముద్రపు దరిని పోవు బాటలు. పడమట కురుపాము, గుమ్మలక్ష్మీపురము, సీతంపేట వైపు కొండదారులలో గెడ్డలు గెడ్డలుగనే నిలిచినవి. అట్టి దారులకు రెండవ ప్రపంచయుద్ధము ఒక క్రొత్త బండిని ప్రసాదించినది. అది జీపు.

అమెరికా సేన కోరిక మీద పుట్టిన ఈ బండి 1941 మొదలు 1945 వఱకు ఆఱు లక్షలకు పైగా తయారైనది. నాలుగు చక్రములకును ఇంజిను బలము అందుట దీని విశేషము. బురదలో ఒక చక్రము జారినను తక్కినవి లాగును. 1947 మొదలు బొంబాయిలో మహీంద్రావారు విడిభాగములు తెప్పించి వీనిని బిగింపసాగిరి. మన్యపు దారులలో అధికారులకును వైద్యులకును జీపే కాలైనది. అది వచ్చిన వెనుకనే రోగికి మందు, పిల్లలకు టీకా కొండ యెక్కినవని చెప్పుట అతిశయోక్తి గాదు.

అయితే దానితో కూడ ఒక అపోహ వచ్చినది. కొండ యెక్కు బండి ఏటిని దాటలేదా యని జనము తలచిరి. ఆ బండిని వాడిన సేనలు మాత్రము అట్లు తలపలేదు. 1944 జూను 6న ఫ్రాన్సు తీరమున దిగుటకు ముందు, నీట దిగవలసిన బండ్ల విద్యుత్తు తీగెల కూడళ్లకు జిడ్డుముద్ద పట్టించి, గాలి పీల్చు గొట్టమును, పొగ వదలు గొట్టమును నిలువుగా పైకెత్తి కట్టిరి. గట్టెక్కిన వెంటనే ఆ కట్టులను విప్పవలెను. ఇంకొక ముచ్చట. జీపునకు పడవ యొడలు తొడిగి, నేలపైనను నీటిపైనను నడచు బండినొకదానిని ఫోర్డువారు 1942, 43లలో పండ్రెండువేలకు పైగా తయారుచేసిరి. నిలుకడ నీటిలో బాగుగనే తేలినది. అలలు లేచినచో అంచు మీదుగా నీరు నిండి మునిగినది. రెండేండ్లు తిరుగకమునుపే దాని తయారి మానుకొనిరి. పడవగా పుట్టినదే అలకు ఆగనప్పుడు, బండిగా పుట్టినది ఏమాగును?

నీరు మోటారును ఎట్లు చెఱచునో కొంత వివరించెదను. మన కుఱ్ఱవాండ్రలో చాలమందికి ఇది సగమే తెలియును. పొగగొట్టములోనికి నీరు పోవునని అందఱును భయపడుదురు. ఇంజిను తిరుగుచున్నంతసేపు పొగ ఆ నీటిని బయటికి త్రోయుచునే యుండును. అసలు భయము ముందున్న గాలిగొట్టముతో. సిలిండరులో పిస్టను గాలిని అదుముచుండును. గాలి అణగును, నీరు అణగదు. గ్రుక్కెడు నీరు లోనికి పోయినను పిస్టను రాతిగోడకు కొట్టుకొనినట్లు ఆగిపోవును. దానిని నడుపు ఇనుపకడ్డీ వంగిపోవును. పెట్రోలు ఇంజిను తీగెలు తడిసి ముందే ఆగిపోవుటవలన ఒక్కొక్కప్పుడు బ్రతికిపోవును. డీజెలు ఇంజినుకు నిప్పురవ్వతో పని లేదు గనుక, నీరు త్రాగువఱకు నడచి ఒక్కసారిగా విఱుగును. నీట ఆగిన ఇంజినును మఱల తిప్పి చూచుట చాలమంది చేయు పని. లోపల నీరున్నచో కడ్డీ అప్పుడే వంగును.

వేడెక్కిన ఇరుసు చల్లని నీట మునిగినచో దాని లోపలి గాలి ముడుచుకొని సందులగుండ నీటిని లోనికి పీల్చును. ఇరుసులోని నూనె మజ్జిగవలె తెల్లబడును. ఆ పాడు ఆనాడు తెలియదు, నెల తిరిగిన పిమ్మట తెలియును. తడిసిన బ్రేకులు పట్టవు. గట్టెక్కిన వెంటనే పల్లమునకు దిగినవాడు దీనిని చవిచూచును.

ఇవి యన్నియు బండికి గలుగు కష్టములు. మనిషి ప్రాణము తీయునది వేఱొకటి. బండి తేలుటయే ఆ యపాయము. నమ్మకము కలుగదా? లెక్క చూడుడు. పాత జీపు బరువు సుమారు 1,100 కిలోలు. దాని యొడలు మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు అనుకొందము. అడుగుపలకకు పైన నీరు జానెడు లేచినచో, అనగా ఇరువది సెంటీమీటర్లు లేచినచో, తొలగిన నీరు 900 లీటర్లు. అన్ని కిలోల బరువును నీరు మోయుచున్నదన్న మాట. చక్రములు నేలను పట్టుటకు మిగిలిన బరువు ఎంత? పాత జీపు తెఱపిబండి. నీరు లోనికి చొరబడి దానిని కొంత అణచి యుంచును. ఈ కాలపు కార్లు తలుపులు బిగించిన పెట్టెలు. అవి మూతికట్టిన కుండవలె తేలును. బండి ఎంత క్రొత్తదైన అంత త్వరగా తేలును! దీనికి తోడు ప్రవాహపు వడి రెట్టింపైనచో దాని త్రోపు నాలుగింతలగును. నిన్న దాటిన లోతే గదా యని నేడు దిగినవాడు లోతును చూచెనే గాని వడిని చూడలేదు.

మన యేళ్లకు ఇంకొక గుణము కలదు. నాగావళి, వంశధారల పుట్టుక ఒడిశాలో కాలాహండి, రాయగడ కొండలలో. అక్కడ కురిసిన వాన ఇక్కడ వరదయై దిగునప్పటికి మన నెత్తిన ఎండ కాయుచుండవచ్చును. 1980 సెప్టెంబరున వంశధార గుణుపురమును ముంచివైచినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటిన పిమ్మట, ఎగువ కొండల వానకు బాహుద, మహేంద్రతనయ, వంశధార ఒక్కటిగా పొంగినవి. వరద వచ్చి పోయిన రేవు పాత రేవు కాదు. ఇసుక ఒకచోట లేచి ఒకచోట తెగును. మొన్న మోకాలి లోతున్నచోట మడుగుండును. ఇసుక త్రవ్విన గోతులు దీనికి తోడు. నీరు బురదయెఱుపు తిరిగినచో అడుగు కానరాదు.

2021లో కృష్ణానదిలో చెవిటికల్లు నొద్ద ఇసుకకై దిగిన 132 లారీలు ఎగువ నీరు వచ్చి నడియేట చిక్కుకొనినవి; మనుష్యులను పడవలలో గట్టెక్కించిరి. వంశధారలోను ఇసుక లారీలు అట్లు చిక్కినవి కలవు. ఆ యేడే ఆగస్టు చివర వికారాబాదు జిల్లాలో నూతన వధువును గొని పోవుచున్న కారు వాగు దాటబోయి కొట్టుకొనిపోయినది, పెండ్లికూతురు దక్కలేదు. నవంబరు 19న చెయ్యేరు కట్ట తెగి, రాజంపేట ప్రాంతమున బస్సులు వరదలో చిక్కి ప్రయాణికులు మునిగిరి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లా ఆకేరు వాగు ఒక కారును గొనిపోయినది. వీనిలో చెయ్యేరు వరద బండితోలువాని తప్పు గాదు, అది వానిని వెదకికొని వచ్చినది. కారుల సంగతి వేఱు. అక్కడ వాగు ఎదుట కనబడుచునే యున్నది.

ఏటిలో దిగవద్దని చెప్పి ఊరకుండుట నాకు ఇష్టము లేదు. కొమరాడ మండలమున నాగావళిపై పూర్ణపాడు, లాబేసుల నడుమ వంతెన ఏండ్ల తరబడి అసంపూర్ణముగా నిలిచిన సంగతి మీకు తెలియును. అట్టి చోట ప్రసవవేదన పడు స్త్రీ గట్టున నున్నప్పుడు, దిగవద్దను మాట ఎవరికి చెప్పుదుము? వంతెన కట్టవలసినదే, కట్టించుకొను వఱకు అడుగవలసినదే. నా మనవి అంతవఱకు రేవును గూర్చినది. ఒకనాడు దోనెవాడు కాదనెను, ఎద్దు కాదనెను. ఈనాడు గట్టున నిలిచి కాదను గొంతు లేదు. రాత్రి వేళ పొరుగూరి డ్రైవరు ఒంటరిగా తీర్మానించుకొనుచున్నాడు. వానికి ఆ రేవు తెలియదు, మీకు తెలియును. ఏ బండరాయి మునిగినచో బండి దింపరాదో, ఏ మలుపున ఊబి కలదో మీ తండ్రులు మీకు చూపియుందురు. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఆ రాతిపై ఇరుసెత్తున ఒక సున్నపుపట్టె వేయించుడు. రేవునకు ఇరుప్రక్కల రెండేసి గుంజలు పాతి వానికిని సున్నము కొట్టించుడు. వరద వెడలిన ప్రతిసారియు ఎవరైన నడచి చూచి గుంజలను మార్చి పాతవలెను. సున్నము చీకటిలో జీపు దీపములకు దూరమునుండియే కనబడును.