స్థాయిని బట్టి గ్రూపులు: పిల్లల చదువులో ఈ పద్ధతి ఏమిటి? తల్లిదండ్రులు ఏం అడగాలి?

'మీ బాబును వేరే గ్రూపులో కూర్చోబెడుతున్నాం' అని టీచర్ చెబితే చాలామంది అమ్మీ అబ్బాలకు గుండె గుభేల్‌మంటుంది. మా పిల్లాడిని మొద్దు అంటున్నారా అని బాధపడతారు. పద్ధతి సరిగ్గా నడిస్తే అది పిల్లాడికి మేలే. సరిగ్గా నడవకపోతే మాత్రం ఆ పేరు వాడి మీద ముద్రలా ఉండిపోతుంది.

ఎందుకు అవసరం?

అసర్ 2024 నివేదిక ప్రకారం, దేశంలోని గ్రామాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 48.8 శాతమే. మిగతావాళ్ళ ముందు టీచర్ ఐదో తరగతి పాఠం ఎంత బాగా చెప్పినా ఏం లాభం? షాపు నడిపేవాళ్ళు స్టాక్ చూసుకోకుండా సరుకు ఆర్డర్ పెట్టరు కదా. చదువులోనూ ముందు ఏం ఉందో, ఏం లేదో చూసుకోవాలి.

ఎలా చేస్తారు?

1995లో ముంబైలో మొదలైన ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని దేశమంతా తీసుకెళ్ళింది. టీచర్ ఒక్కో పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు. అక్షరం, పదం, చిన్న పేరా, కథ - ఇందులో ఎక్కడిదాకా వస్తే అదే వాడి స్థాయి. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, తీసివేత, భాగహారం చూస్తారు. దీనికి మార్కులు, ర్యాంకులు ఉండవు.

తర్వాత 3, 4, 5 తరగతుల పిల్లలను కలిపి, స్థాయిని బట్టి గ్రూపులు చేస్తారు. రోజూ కొంత సమయం మాత్రమే ఈ గ్రూపుల్లో చెప్పి, మిగతా టైమ్ మామూలు తరగతిలోనే ఉంచుతారు. మధ్యమధ్యలో మళ్ళీ పరీక్షిస్తారు. ముందుకెళ్ళిన పిల్లాడిని వెంటనే పై గ్రూపుకు మారుస్తారు.

పనిచేస్తుందా?

2019లో నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తమ సహచరులతో కలిసి దీన్ని పలు రాష్ట్రాల్లో పరిశీలించారు. పుస్తకాలు, శిక్షణ ఇచ్చి వదిలేసిన చోట పెద్దగా మార్పు రాలేదు. హర్యానాలో రోజూ ఒక గంట దీనికే కేటాయించి, పైఅధికారులు పర్యవేక్షించినప్పుడు పిల్లల భాష మెరుగుపడింది.

మన ఇళ్ళలో చూడాల్సింది

ఇంట్లో ఉర్దూ, స్కూల్లో తెలుగు లేదా ఇంగ్లిష్ ఉన్న పిల్లలు లెక్కల్లో చురుగ్గా ఉండి, చదవడంలో వెనకబడవచ్చు. అందుకే ఒక్క గ్రూపు అన్ని సబ్జెక్టులకూ సరిపోదు. తెలుగులో కింది గ్రూపు, లెక్కల్లో పై గ్రూపు ఉండటం మామూలే.

టీచర్‌ను ఈ నాలుగూ అడగండి:

- ఏం చదివించి స్థాయి తేల్చారు?
- ఒక్కో సబ్జెక్టుకు వేరే గ్రూపు ఉందా?
- మళ్ళీ ఎప్పుడు పరీక్షిస్తారు?
- ఈ గ్రూపులో రోజూ ఎంతసేపు చెబుతారు?

ఏడాదంతా గ్రూపు మారకుండా, మళ్ళీ పరీక్ష కూడా లేకుండా ఉంటే, అది స్థాయికి తగ్గ బోధన కాదు, వెనక బెంచీకి పెట్టిన కొత్త పేరు. అప్పుడు మర్యాదగానే, కానీ గట్టిగా అడగండి. ఇంట్లో మాత్రం 'నీది కింది గ్రూపు' అనే మాట పిల్లల ముందు అనకండి.