బుడమేరు పాలైన షెడ్డు

2024 సెప్టెంబర్ 1. విజయవాడ అజిత్‌సింగ్ నగర్ నీట మునిగిన రోజు. మైలవరం కొండల వైపు నుంచి దిగివచ్చే బుడమేరును కృష్ణలోకి మళ్లించే కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అటు చూస్తే కృష్ణ కూడా నిండి పొర్లుతోంది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. నదిలో చోటు దొరకని నీరు ఊరి మీదికి తిరిగింది. సైన్యం కూడా దిగి మూడో గండిని పూడ్చేసరికి సెప్టెంబర్ 7 వచ్చింది. ఆ తర్వాత కూడా కొన్ని వీధుల్లో నీళ్లు కదల్లేదు.

అలాంటి ఒక వీధిలో, ఇంటి వెనక రేకుల షెడ్డులో మా బాబాయి బతుకు ఉండేది. తాతది వడ్రంగం. బాబాయి ఆటోనగర్‌లో లేత్ పని నేర్చాడు. ఆ రెండు విద్యలూ కలిసిన చోట ఆయన పాటర్న్‌లు చేసేవాడు. పాత పంపుకో, చెరుకు గానుగకో ఒక భాగం విరిగి, బజారులో దొరకనప్పుడు జనం ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన ముందు టేకుతో దాని పాటర్న్ చెక్కేవాడు. ఫౌండ్రీలో ఆ పాటర్న్‌ను ఇసుకలో అద్ది, అచ్చు తీసి, కరిగిన ఇనుము పోసేవారు. పోత చల్లారాక మళ్లీ షెడ్డుకే వచ్చేది. లేత్ మీద సైజుకు తెచ్చేది కూడా ఆయనే.

ఆ పనిలో నేర్పంతా కొలతలోనే ఉంది. పోత ఇనుము చల్లారుతూ కుంచించుకుపోతుంది. అందుకే పాటర్న్‌ను మీటరుకు దాదాపు 10 మిల్లీమీటర్లు పెద్దగా చెయ్యాలి. లేత్ మీద చెక్కేయడానికి పైన ఇంకొంచెం ఉంచాలి. ఇసుక అచ్చు విరగకుండా పాటర్న్ పైకి రావడానికి దాని పక్కలు కాస్త వాలుగా ఉండాలి. బాబాయి ఈ లెక్కలేవీ కాగితం మీద పెట్టలేదు. అవన్నీ గోడవారన అలమారాలో, లక్క పాలిష్ పట్టిన చెక్కల్లోనే ఉండేవి.

నీరు తీశాక షెడ్డు తలుపు గట్టిగా తోస్తేగాని తెరుచుకోలేదు. లోపల నేలంతా నల్లటి బురద, మురుగు కంపు. లేత్ బెడ్ మీద తుప్పు చెయ్యి పెడితే రాలుతోంది. చక్ దవడలు బిగుసుకుపోయాయి. గేర్‌బాక్స్ ప్లగ్ విప్పితే నూనె మజ్జిగలా తెల్లగా కారింది. నీళ్లలో మునిగి ఉన్నంతసేపు ఇనుముకు గాలి అంతగా అందదు. నీరు దిగిపోయాక తడి బురదకు గాలి తోడైతే తుప్పు ఎగబాకుతుంది. ఇల్లు కడుక్కోవడానికే నీళ్లు లేని ఆ రోజుల్లో షెడ్డు కడిగేదెవరు?

అయినా ఇనుము బతికింది. విప్పగలిగిన ప్రతి భాగాన్నీ విప్పి, నీళ్లతో బురద పోగొట్టి, కిరసనాయిలులో నానబెట్టి, ఆరబెట్టి నూనె పట్టించాం. బేరింగులన్నీ పారేశాం. ఒండ్రు చేరిన బేరింగు తిరిగిన కొద్దీ షాఫ్టును అరగదీస్తుంది. మోటార్లకు కరెంటు తగలనివ్వకుండా నేరుగా రీవైండింగ్‌కు పంపాం. పక్క వీధిలో ఒకరు పైన ఆరింది కదా అని స్విచ్ వేస్తే డ్రిల్లింగ్ మిషన్ మోటారు అక్కడికక్కడే కాలిపోయింది. నేల అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25,000 రూపాయలు మోటార్లకీ బేరింగులకీ సరిపోలేదు. బాడిస, ఉలులకు కొత్త పిడులు వేశాం. ఆకురాళ్లు మాత్రం పళ్లు పోయి పనికిరాకుండా పోయాయి.

పోయింది చెక్క. రోజుల తరబడి నానిన పాటర్న్‌ల జిగురు అతుకులు విచ్చుకున్నాయి. ప్లైవుడ్ పొరలు పొరలుగా లేచింది. టేకు ముక్కల్ని నీడలో ఆరబెడితే ఒక్కోటి ఒక్కో వైపు వంగింది. ఒక పంపు ఇంపెల్లర్ పాటర్న్‌ను బాబాయి వెర్నియర్‌తో కొలిచాడు. ఇంకోవైపు తిప్పి మళ్లీ కొలిచాడు. రెండు వైపులా రెండు సైజులు వచ్చాయి. "ఇనుముదేముందిరా, రుద్దితే వచ్చిద్ది. సైజు పోయింది, దాన్నెక్కడ తెచ్చేది?" అన్నాడు. ఆ పాటర్న్‌లు ఏ మిషన్ల కోసం చేశాడో అందులో చాలా మిషన్లు ఏనాడో తుక్కు కింద పోయాయి. మళ్లీ కొలుద్దామన్నా అసలు వస్తువే లేదు.

ఇప్పుడు షెడ్డు నడుస్తోంది. లేత్‌ను ఎత్తయిన కాంక్రీటు దిమ్మ మీద నిలబెట్టాం. స్టార్టరు, స్విచ్ బోర్డు తలకన్నా పైకి చేరాయి. బాబాయి షాఫ్టులు, బుష్‌లు, తలుపులు, కిటికీలు చేస్తున్నాడు. పాటర్న్ కోసం ఎవరైనా వస్తే మాత్రం చెయ్యనని తిప్పి పంపుతున్నాడు. ఆ షెడ్డులో ఆ విద్య అంతరించింది. దాన్ని నేర్చుకోవడానికి మా ఇంట్లో ఎవరమూ ముందుకు రాలేదు. అలమారాలో ఆ చెక్కలున్నంత కాలం ఆ అవసరం ఎవరికీ తోచలేదు.

ఏరు పక్కన బతికే పనివాళ్లకు నా మనవి ఒక్కటే. వరద కబురు రాగానే పాటర్న్‌లనూ కొలతల పుస్తకాలనూ ముందు మేడ మీదికి చేర్చండి, మిషన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. పుస్తకం లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. ప్రతి సైజూ రాయండి, ఫొటో తీయండి, పిల్లలకు చెప్పండి. ఇక ఏలినవారికి: బుడమేరు తన దారి మరచిపోదు. ఆ దారి మీద కట్టిన కట్టడాలను తొలగించి, కాలువ గట్లను వానాకాలానికి ముందే బలపరచండి. ఎంత సాయం ప్రకటించినా పోయిన కొలత తిరిగి రాదు.